ఎగిరిపడు వేడిముల్లు

పాత కారుగల యింట వేసవి ప్రవేశించినదనగా ఊరగాయల పనితోడను వడియముల పనితోడను మఱియొక బెంగ గూడ ప్రవేశించును. ప్రయాణము నడుమ ఇంజను వేడిని తెలుపు మీటరులోని ముల్లు నిలుకడలేక యొకమాఱు చల్లనివైపునకు వ్రాలుచు, మఱుక్షణముననే యెఱ్ఱగీతను తాకుచు, బండిలోనివారి నందఱను హడలగొట్టుచుండును. "అది యెప్పుడును అంతే, దానిని చూడకుము" అని నడుపువారనుటయు, మనము మాఱుపలుకక దైవమును తలచుకొనుటయు పెక్కిండ్ల ఆచారము. నందిగామనుండి యొక సోదరి యీ సంగతియే వ్రాసి, ముల్లును నమ్మవలెనా, భర్తగారి మాటను నమ్మవలెనా యని మమ్ము అడిగినది. పరీక్షింపక రెంటిని గూడ నమ్మరాదని మా యభిప్రాయము.

ఇట్టి విషయము స్త్రీలకేల యని కొందఱు నవ్వుదురు. నేడు మన సోదరీమణులు పలువురు స్వయముగా కారు నడుపుచున్నారు. నడుపనివారికైనను ముల్లు కనబడుచునే యుండును. నడుపువారి చూపు రోడ్డుమీద నుండవలసినది కాబట్టి ముల్లు ఎప్పుడు కదలినదో, దేనితో కదలినదో గుర్తుంచుకొనుటకు ప్రక్కనున్నవారికే యెక్కువ వీలు కలదు. ఇక ఇంజను చెడినచో ఆ ఖర్చు ఇంటి పద్దులలో దేనిని కోసివేయునో మనకంటె నెఱిగినవారెవరు?

మాది కంచికచర్ల. 2022లో ఎన్.టి.ఆర్. జిల్లా యేర్పడి మా యూరు అందు చేరినను, పెద్దల నోట నిప్పటికిని ఇది కృష్ణాజిల్లా మెరకసీమయే. విజయవాడనుండి హైదరాబాదునకు పోవు రహదారి మా యూరి మీదుగనే పోవును. మా యింటివారు బడిపంతులు; మా యింటనున్నది హిందూస్థాన్ మోటార్సు వారి అంబాసిడరు. ఆ బండి తయారీ 2014లో నిలిచిపోయినది. అయినను ఈ ప్రాంతమున కొన్ని యిండ్లలో అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినులు, పాత మారుతీలు ఇంకను పెద్దముత్తైదువలవలె మర్యాదగా బ్రతుకుచున్నవి. రోహిణికార్తెలో 45 డిగ్రీలు దాటు ఎండలో వీనిని రోడ్డెక్కించువారు ముల్లు భాష కొంతయైన నెఱిగియుండుట మేలు.

మా చిన్ననాట మా తండ్రిగారు మాకు తర్కసంగ్రహము చెప్పిరి. దానిని రచించిన అన్నంభట్టు మన యాంధ్రుడే. కొండమీద పొగ కనబడినచో అచట నిప్పున్నదని యూహించుట ఆ శాస్త్రమున ప్రసిద్ధమైన యుదాహరణము. పొగయని తోచినది ప్రొద్దుటిపూట మంచైనచో ఆ యూహ వమ్మగును. వేడిముల్లు పొగవంటిది, ఇంజనులోని వేడి నిప్పువంటిది. ముల్లు కదలుట కన్నులార చూచితిమి. దానిని కదల్చినది వేడియేనా యనునది వేఱు విచారణ. పెక్కు మరమ్మతు దుకాణములలో ఈ విచారణ జరుగకయే పని మొదలగుచున్నది.

ఎఱిగిన వారింట జరిగిన సంగతి యొకటి చెప్పెదము. వారి పాత అంబాసిడరులో ముల్లు ఎగిరిపడుచుండగా ఒక దుకాణమునకు తీసికొనిపోయిరి. అచట మొదట థర్మోస్టాటు మార్చిరి. ముల్లు మానలేదు. రేడియేటరు మార్చిరి, మానలేదు. వాటరు పంపు గూడ మార్చిరి. ముల్లు యథాప్రకారము గంతులు వేయుచునే యున్నది. తుదకు కార్ల వైరింగు పని చేయు వృద్ధుడొకడు బోనెట్టు తెఱవకయే, "అమ్మా, ఇది యెప్పుడెప్పుడు ఎగురును?" అని ఆ యింటి యిల్లాలిని అడిగెను. పగలు అంతగా లేదనియు, దీపములు వేయగానే పైకి లేచుననియు, మలుపువద్ద ఇండికేటరు వేసినప్పుడు అది టిక్కుటిక్కుమన్నప్పుడెల్ల ముల్లు గూడ తల యూపుచుండుననియు ఆమె చెప్పెను. అతడు డ్యాష్‌బోర్డు వెనుకకు చేయి పోనిచ్చి, మీటర్ల నుండి బండి యినుమునకు కలుపబడిన ఎర్తు తీగను పట్టి చూచెను. దాని మరచుట్టు త్రుప్పుపట్టియున్నది. గరుకుకాగితముతో రుద్ది బిగించెను. అంతటితో ముల్లు కుదుటపడెను. ఇన్ని నెలలు ఆ యిల్లాలు కన్నదంతయు ఆమెయొద్దనే యున్నది, అడిగినవారే లేకపోయిరి.

ఆ వృద్ధుడు వేసిన ప్రశ్న వెనుక నున్న యుక్తి మిక్కిలి సులభము. పెండ్లి యింట గాడిపొయ్యిమీద గంగాళమునిండ నీరు పెట్టినవారికి తెలియును. ఎంత మంట పెట్టినను ఆ నీరు రెప్పపాటున వేడెక్కదు, రెప్పపాటున చల్లాఱదు. ఇంజనులోను అంతే. కొన్ని లీటర్ల నీరును, దానిచుట్టు మణుగులకొలది యినుమును నున్నవి. వాని వేడి పెరుగుటకు నిమిషములు పట్టును. కాబట్టి రెప్పపాటులో ఈ కొననుండి ఆ కొనకు దుమికిన ముల్లు నీటివేడిని చెప్పుచున్నదనుట పొసగదు. గతుకులో చక్రము పడినప్పుడు, హారను కొట్టినప్పుడు, దీపము వేసినప్పుడు దుమికినచో దోషము విద్యుత్తు మార్గములో నున్నదని తలచవచ్చును. నిమిషములు గడచుకొలది నింపాదిగా, దృఢముగా పైకెక్కిన ముల్లు నిజమునే చెప్పుచున్నది; దానిని మందలింపక బండి నాపవలెను.

ఈ మీటరు ఎట్లు పనిచేయునో కొంచెము తెలిసికొనిన తక్కినది దానంతటదే బోధపడును. ఇంజను తలవద్ద, నీరు తిరుగు చోట, చిటికెనవ్రేలంత సెన్సరు బిగింపబడి యుండును. అది చల్లగా నున్నప్పుడు విద్యుత్తును ఎక్కువగా అడ్డగించును. వేడెక్కినకొలది ఆ యడ్డు తగ్గును. దానినుండి యొక్క తీగ మీటరునకు పోవును. సెన్సరునకు ఎర్తు దాని మరచుట్లగుండ ఇంజను ఇనుమునకు తగులును. అందుచేత నీరు కాఱకుండునట్లు టెఫ్లాను టేపును దానికి తలపాగవలె చుట్టువారు తెలియకయే ఎర్తును చెఱచుచున్నారు.

పరీక్ష యిట్లు చేయుదురు. ఇంజను ఆపి, తాళము మాత్రము త్రిప్పియుంచి, సెన్సరుమీది తీగను ఊడదీయవలెను. ముల్లు చల్లని కొనకు పడిపోవలెను. ఆ తీగకొనను ఒక్క క్షణము ఇంజను ఇనుమునకు తాకించినచో ముల్లు వేడికొనకు లేవవలెను. అంతకంటె ఎక్కువసేపు తాకించి యుంచరాదు, మీటరు కాలవచ్చును. రెండును సరిగా జరిగినచో మీటరు, తీగ మంచివి. సెన్సరునో, దాని ఎర్తునో, నీటినో శంకింపవలెను. తాకించినను ముల్లు లేవనిచో తీగ యెచటనో తెగినది, లేదా మీటరే చెడినది. తీగను ప్రేళ్లతో కదలించినప్పుడు ముల్లు గంతులు వేసినచో దొంగ దొరికినట్లే. ఇది పాత బండ్లకు చెప్పిన మాట. కంప్యూటరుగల యిటీవలి కార్లలో ఇట్లు తీగలు తాకించుట తగదు. చాల పాత బండ్లలో తీగ యేమియు లేక సన్నని రాగి గొట్టము ద్వారమున ముల్లు నడచును. ఆ గొట్టము విఱిగినచో ముల్లు చల్లనివైపున పడి యిక లేవదు. ఎగిరిపడుట దానికి లేదు.

వేడిముల్లుతోపాటు పెట్రోలు ముల్లు గూడ పిచ్చిగా తిరుగుచున్నదా యని చూచుట మఱువరాదు. రెండును కలసి తప్పుచున్నచో వేడిని విడిచి, రెంటికిని ఉమ్మడియైన దానిని వెదుకవలెను. అది ఎర్తు కావచ్చును. లేదా మీటర్లకు పోవు విద్యుత్తును ఇంచుమించు 10 వోల్టులవద్ద నిలుపు చిన్న స్టెబిలైజరు కావచ్చును. ఇరువురు పిల్లలు ఒకేమాఱు అలిగినప్పుడు ఇద్దఱిని విడివిడిగా మందలింపక ఇద్దఱికిని తగవు తెచ్చిన బొమ్మ యేదియో చూతుము గదా.

ఇంతవఱకు చెప్పినది ముల్లు తప్పుడు సాక్ష్యము పలుకు సందర్భము. అది ధనమునకు చేటు. ఇక చెప్పబోవునది ప్రాణమునకు చేటు కావచ్చును కాబట్టి సోదరీమణులు కొంచెము శ్రద్ధగా చదువ ప్రార్థన.

జగ్గయ్యపేటనుండి యొక కుటుంబము కడుపుతోనున్న కూతురిని పురిటికి పుట్టింటికి తీసికొనివచ్చుచుండెను. మే నెల, మిట్టమధ్యాహ్నము. చిల్లకల్లు దాటినప్పటినుండి ముల్లు మెల్లగా పైకెక్కుచుండెను. నందిగామ దాటిన తరువాత అది హఠాత్తుగా చల్లనివైపునకు జాఱెను. "అమ్మయ్య, చల్లబడినది" అని అందఱును ఊపిరి పీల్చుకొనిరి. కీసరవద్ద మున్నేరు సమీపించులోపల ఇంజను మూలిగి నిలిచిపోయెను. బోనెట్టు తెఱచి చూడగా క్రింది గొట్టము పగిలి నీరంతయు దారిపొడుగున పోయియున్నది. సెన్సరు చుట్టు నీరే లేదు. తనను తాకుచున్నదాని వేడినే అది చెప్పగలదు. నీరు పోయి గాలి మిగిలినప్పుడు ఇనుము కాలిపోవుచున్నను అది చల్లదనమునే చెప్పును. ఆ పిల్లను ఆటోలో ఎక్కించి యిల్లు చేర్చిరి. దైవకృపవలన ఏ హానియు కలుగలేదు. కాని నీడలేని రోడ్డుప్రక్కన నిండుచూలాలిని నిలువబెట్టి ఆటోకొఱకు చేయి యెత్తిన ఆ తల్లి యొక్క అరగడియను మేము తలచుకొనజాలము. ఇంజను తల వంగిపోయి, గ్యాస్కెట్టు కాలిపోయి, ఆ బండి మఱల నడచుటకు చాల ధనము వ్యయమయ్యెను.

కాబట్టి ఎక్కుచున్న ముల్లు కారణము లేక పడిపోయినప్పుడు సంతోషింపక వెఱవవలెను. నీరు కొంత మాత్రమే తగ్గినప్పుడు ఇంకొక విధముగా జరుగును. సెన్సరును ఒకమాఱు ఆవిరియు, ఒకమాఱు నీరును తాకుచుండును; ముల్లు అరనిమిషమునకు ఒకమాఱు ఊయలవలె ఊగుచుండును. ఈ యూపు రెప్పపాటు గంతు కాదు, నింపాది యెక్కుడు కాదు, నడిమి రకము. నీరు మార్చిన తరువాత లోపల గాలిబుడగ చిక్కుకొన్నను ఇట్లే యుండును. ఇంజను బాగుగా చల్లాఱిన పిదప రేడియేటరు మూత తీసి నీరు నిండుగా నున్నదా యని చూచుట అన్ని పరీక్షలకంటె ముందు చేయవలసిన పని, ఖర్చులేని పని. ఏమి చిత్రమో, పెక్కుమంది దీనినే చిట్టచివర చేయుదురు.

చల్లాఱిన పిదప నంటిమి. ఈ మాటను మేము నొక్కి చెప్పుచున్నాము. రేడియేటరు మూత ప్రెషరు కుక్కరు మూతవంటిది. లోపలి పీడనమువలన నీరు 100 డిగ్రీలు దాటియు మరగక యుండును. వేడిమీద మూత త్రిప్పినచో ఆ నీరంతయు ఒక్కుమ్మడి ఆవిరియై మొగముమీదికి చిమ్మును. కుక్కరు కూత వేయుచుండగా మూత లాగు వెఱ్ఱివారు మన యిండ్లలో లేరు. కాని రోడ్డుమీద తొందరలో గుడ్డ చుట్టి మూత త్రిప్పు ధీరులు కలరు. వారి చేయి పట్టుకొని ఆపుడు. కాలుచున్న ఇంజనుమీద చన్నీరు కుమ్మరింపనీయకుడు. వేడిపెనముమీద నీరు చల్లినట్లు ఇనుము పగులవచ్చును. ముల్లు నింపాదిగా ఎఱ్ఱగీతవైపు ఎక్కుచున్నచో ఏ.సి. ఆపి, హీటరున్న బండియైన దానిని పూర్తిగా త్రిప్పి, నీడ దొరకిన వెంటనే ప్రక్కకు తీసి ఇంజను ఆపవలెను. ఎండకాలమున హీటరు వేయుట వినుటకు వింతగా నుండును గాని అది ఇంజను వేడిని కొంత బయటికి లాగును. మా అంబాసిడరునకు ఆ వైభవము లేదు.

నిజముగా వేడెక్కుచున్న బండి యెప్పుడు వేడెక్కునో గూడ గమనింపదగినది. గొల్లపూడివద్ద బండ్ల వరుసలో నిలిచినప్పుడు వేడెక్కి, రోడ్డు ఖాళీయై పరుగెత్తినప్పుడు చల్లబడుచున్నచో గాలి చాలుటలేదు. ఫ్యానును, దాని బెల్టును చూడవలెను. నిలిచినప్పుడు బాగుండి, హైదరాబాదు దారిలో వేగముగా పోవునప్పుడు వేడెక్కినచో నీటి ప్రవాహమున కెచటనో అడ్డు కలదు. రేడియేటరు పూడియుండవచ్చును, థర్మోస్టాటు పూర్తిగా తెఱచుకొనక యుండవచ్చును.

రేడియేటరు పూడుట మా మెరకసీమకు పుట్టుకతో వచ్చిన జబ్బు. జగ్గయ్యపేట ప్రాంతమంతయు సున్నపురాతి నేల. ఆ రాయి యుండుటచేతనే అచట సిమెంటు కర్మాగారములు వెలసినవి; ఆ రాతిపలకలతోడనే పూర్వము బౌద్ధులు అచటి స్తూపమును కట్టిరి. ఆ నేలలోని బోరునీటిని కాచిన గిన్నెల అడుగున తెల్లని గార కట్టుట మన ప్రతిదిన దర్శనమే. గార కట్టిన గిన్నెలో నీరు కాగుటకు ఎంత ఆలస్యమో, ఎంత కట్టె ఖర్చో మన అమ్మలు ఎఱుగుదురు. ఆ బోరునీటినే సంవత్సరములకొలది రేడియేటరులో పోసినచో ఆ గారయే సన్నని గొట్టములలో పేరుకొని, వేడిని బయటికి పోనీయదు. సెన్సరుమీద కట్టినచో ముల్లునకు మాంద్యము వచ్చును. బ్యాటరీలకు పోయు డిస్టిల్డ్ వాటరును, కూలెంటును, కూలెంటు డబ్బామీద వ్రాసిన పాళ్లలో కలిపి పోయవలెను. కూలెంటు త్రుప్పును గూడ ఆపును. అయితే అది విషము, పైగా తియ్యగా నుండును. పారబోసిన కూలెంటును పిల్లలకు, కుక్కలకు, పిల్లులకు అందనీయరాదు; త్రాగిన సీసాలలో నిలువ చేయరాదు.

థర్మోస్టాటు పరీక్షను మాత్రము మనము యింటనే చేయవచ్చును. ఇది మాకు మిక్కిలి యిష్టమైన పరీక్ష. దానిలో మైనమువంటి పదార్థముండి, వేడికి ఉబ్బి తలుపు తెఱచును. తెఱచుకొను డిగ్రీ దానిమీదనే చెక్కబడియుండును. 82 అని యుండుట తఱచు. మెకానికు దానిని ఊడదీసినప్పుడు అడిగి తీసికొని, వంటకు పనికిరాని పాతగిన్నెలో నీరు పోసి, దారముతో అడుగును తాకకుండ వ్రేలాడదీసి, ప్రక్కన థర్మామీటరు నుంచి పొయ్యి వెలిగింపవలెను. జ్వరము చూచునది కాదు, 100 డిగ్రీలు చూపునది కావలెను. చెక్కిన అంకెకు చేరువలో తలుపు విచ్చుకొనుట ప్రారంభించి, ఇంకను కాగినకొలది పూర్తిగా తెఱచుకొని, చల్లార్చగా మూసికొనినచో అది నిర్దోషి. మూసికొనియే యున్నచో ఇంజను కాగిపోవును. తెఱచుకొనియే యున్నచో ఇంజను తగిన వేడికి రాక పెట్రోలు ఎక్కువ త్రాగును. మన దేశమునకు థర్మోస్టాటే అనవసరమని తీసి పారవేయు మెకానికులు కలరు. వారి మాటను మేము మెచ్చము.

2020లో కోవిడు వచ్చినప్పుడు గుమ్మములవద్ద నుదుటికి గురిపెట్టిన తుపాకివంటి థర్మామీటరుతో ఇంజను వేడి చూడవచ్చునా యని కొందఱు అడుగుదురు. అది దేహపు వేడికే తగినది, పనికిరాదు. పరిశ్రమలకై చేసిన రకము వేఱుగా నున్నది. దానితో ముల్లు మాటను సరిచూడవచ్చును. మెఱయు లోహమునకు గురిపెట్టినచో అంకె తప్పును, నల్లని రబ్బరు గొట్టమునకో రంగు వేసిన ఇనుమునకో పెట్టవలెను.

ఇంకొక్క మాట. నీరు తఱచు తఱుగుచున్నను ఎచటను కాఱుట కనబడనిచో, పొగగొట్టమునుండి తెల్లని పొగ విడువక వచ్చుచున్నచో, నూనె పోయు మూతక్రింద నూనె చిలికిన మజ్జిగవలె తెల్లనై యున్నచో, తీగలతో కాలయాపన చేయక గ్యాస్కెట్టు చూపింపుడు. తడి తేమల కాలమున మూతక్రింద కొంచెము తెలుపు కనబడుట మాత్రమే దోషము కాదు; కొలబద్దమీది నూనె గూడ తెల్లబడినచో అది నిశ్చయమైన గుర్తు.

నందిగామ సోదరి తన యుత్తరములో ముల్లు ఎగురుననియే వ్రాసినది గాని యెప్పుడెగురునో వ్రాయలేదు. దీపములు వేసినప్పుడా, గతుకులలోనా, నిలిచినప్పుడా, పరుగులోనా. పెట్రోలు ముల్లు గూడ కదలుచున్నదా. రేడియేటరులో తుదిసారి నీరు ఎప్పుడు పోసిరి, ఏ నీరు పోసిరి. ఇవి వారము దినములు ఒక కాగితముమీద వ్రాసియుంచి మాకు పంపవలెను. ఆ కాగితపు నకలును మెకానికునకు గూడ ఇచ్చినచో మంచిది.